సైబరాబాద్ దారిలో సెకండ్ హ్యాండ్ బైకు

హైదరాబాద్‌లో పాత మోటార్‌సైకిళ్ల వ్యాపారం హైటెక్ సిటీ కన్నా చాలా ముందునుంచీ ఉంది. ఐటీ కారిడార్ రాకతో ఆ వ్యాపారానికి కొత్త రకం కొనుగోలుదారు వచ్చాడు. అతని బండి వారంలో ఐదు రోజులు ఆఫీసు ట్రాఫిక్‌లో నడుము పట్టకుండా కూర్చోనివ్వాలి, ఆదివారం ఊరి బయట ఘాట్ రోడ్డు మీద హుషారుగా పరుగెత్తాలి, ధర చేతిలో ఉన్న డబ్బును దాటకూడదు. ఈ మూడు షరతులనూ ఒకే బండి మీద పెట్టడం ఇక్కడి ఉద్యోగుల జీవితంలోంచి వచ్చిన అలవాటు.

పాత బండ్ల బజారు కొత్త బండ్ల బజారుకు కొన్నేళ్లు వెనకగా నడుస్తుంది. షోరూములో ఉన్నప్పుడు కొత్త ఉద్యోగి జీతానికి అందని బండి, మూడు నాలుగేళ్ల తర్వాత ఆటో కన్సల్టెన్సీ ముందు నిలబడి అదే జీతానికి అందుతుంది. అందువల్ల ఏ ఏడాది ఏ బండి వచ్చింది, ఆ ఏళ్లలో కారిడార్‌లో కొలువులు, దారులు, చట్టాలు ఎలా మారాయి అన్నవి కలిపి చూస్తేనే ఈ ఎంపిక చరిత్ర తెలుస్తుంది.

పాత బండికే ఎక్కువ ధర

స్వాతంత్ర్యం వచ్చాక మూడు దశాబ్దాలకు పైగా ద్విచక్ర వాహనాల తయారీ లైసెన్సుల కింద నడిచింది. ఏ కంపెనీ ఎన్ని బండ్లు చేయవచ్చో ప్రభుత్వం నిర్ణయించేది. 1972లో మొదలైన బజాజ్ చేతక్ స్కూటర్ కోసం పేరు నమోదు చేసుకున్నవారు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. వంతు వచ్చి బండి చేతికందినవారు దాన్ని వెంటనే అమ్మితే షోరూము ధర కన్నా ఎక్కువే పలికేది. ఆ రోజుల్లో పాత బండి కొనేవారు డబ్బు ఆదా కోసం కాక ఎదురుచూపు తప్పించుకోవడానికి కొనేవారు.

మోటార్‌సైకిళ్లలో ఎంచుకోవడానికి పెద్దగా ఉండేది కాదు. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్‌ను, ఎస్కార్ట్స్ రాజ్‌దూత్‌ను, మైసూరులోని ఐడియల్ జావా 1960ల నుంచి జావాను, 1973 నుంచి యెజ్డీని తయారుచేశాయి. బరువు, దృఢత్వం కావాలనుకున్నవారికి బుల్లెట్, పల్లెదారుల మీద పాలక్యాన్లు మోయడానికి రాజ్‌దూత్, కాలేజీ కుర్రాళ్ల సరదాకు యెజ్డీ అన్న విభజన తెలుగు ఊళ్లన్నిటా స్థిరపడింది. జావా, యెజ్డీలలో కిక్‌కూ గేరుకూ ఒకే రాడ్డు ఉండేది. ఒంటి సిలిండర్ ఇంజన్‌కు రెండు సైలెన్సర్లు ఉండేవి. ఈ బండ్లు ఎన్నేళ్లు తిరిగినా ఊరి మెకానిక్ చేతిలో మళ్లీ నిలబడేవి. ఒక బండి నలుగురి చేతులు మారడం మామూలు సంగతి.

1983లో ఎస్కార్ట్స్, యమహా సాంకేతికతతో రాజ్‌దూత్ 350ని తెచ్చింది. రెండు సిలిండర్లు, 347 సీసీల టూ స్ట్రోక్ ఇంజన్, ఆ రోజుల్లో దేశంలో తయారైన మరే బండికీ లేని వేగం దాని సొత్తు. ధర ఎక్కువ, మైలేజీ తక్కువ, మరమ్మతు కష్టం కావడంతో కొత్తగా ఉన్నప్పుడు కొన్నవారు కొద్దిమందే. తయారీ ఆగిపోయాక మాత్రం దాని కోసం వెతికేవారు పెరిగారు. షోరూములో ఓడిన బండి పాతబడ్డాక గెలవడం ఈ చరిత్రలో తర్వాత కూడా కనిపిస్తుంది.

వంద సీసీల తరం

1980ల మొదట్లో విదేశీ భాగస్వామ్యాలకు అనుమతులు రావడంతో నాలుగు జపాన్ కంపెనీలు భారతీయ సంస్థలతో కలిశాయి. 1984లో ఇండ్-సుజుకీ, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది నవంబరులో యమహా ఆర్ఎక్స్ 100, 1986లో కవాసాకీ బజాజ్ కేబీ 100 వచ్చాయి. అన్నీ వంద సీసీల దగ్గరివే అయినా రెండు దారులుగా చీలాయి. హీరో హోండాది ఫోర్ స్ట్రోక్ దారి, మిగతా మూడింటిదీ టూ స్ట్రోక్ దారి.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ పెట్రోలు మండుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. అందుకే అదే పరిమాణంలో టూ స్ట్రోక్ ఎక్కువ శక్తినిస్తుంది, దానికి తగ్గట్టే పెట్రోలు తాగుతుంది, ఇంజన్ ఆయిల్‌ను కూడా కాల్చి పొగ వదులుతుంది. ఆర్ఎక్స్ 100లో 98 సీసీలకు 11 హార్స్‌పవర్ ఉండేది, బరువు సుమారు వంద కిలోలు. ఆ తేలికదనం వల్లే దాని పికప్‌కు పేరొచ్చింది. సీడీ 100 వేగంలో దానికి సాటి రాకపోయినా లీటరుకు ఇచ్చే దూరంలో, నిశ్శబ్దంలో, కూర్చునే తీరులో గెలిచింది. సౌఖ్యమా, వేగమా అన్న ప్రశ్న తెలుగు కొనుగోలుదారు ముందుకు స్పష్టంగా వచ్చింది ఈ రెండు బండ్లతోనే. రెండూ కలిసిన బండి అప్పటికి లేదు.

కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో 1996లో ఆర్ఎక్స్ 100 తయారీ ఆగింది. అదే ఏడాది మైసూరులో ఐడియల్ జావా మూతపడింది. ఆర్ఎక్స్‌ను ఇష్టపడినవారికి మిగిలింది పాత బండ్ల బజారే. కొత్త పిస్టన్ వేయించి, బోరింగ్ చేయించి, అసలు రంగు కొట్టించిన ఆర్ఎక్స్‌లు కొన్నప్పటి ధరకు ఎన్నో రెట్లు పలకడం మొదలైంది. 2018లో ఈ బండి పేరుతోనే ఒక తెలుగు సినిమా వచ్చిందంటే, తయారీ ఆగిన రెండు దశాబ్దాలకు కూడా దాని ఆకర్షణ ఎంత మిగిలి ఉందో తెలుస్తుంది.

మాదాపూర్ మారిన ఏళ్లు

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఎల్ అండ్ టీతో కలిసి చేపట్టిన హైటెక్ సిటీకి అది తొలి భవనం. అంతకు ముందు ఆ ప్రాంతం బండరాళ్లు, పొదలు, చెరువులు, పల్లెలు కలిసిన శివారు. ట్రిపుల్ ఐటీ 1998లో, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో గచ్చిబౌలి వైపున మొదలయ్యాయి. 2003లో సైబరాబాద్ పేరుతో ప్రత్యేక పోలీసు కమిషనరేట్ ఏర్పడింది.

కొలువులు పడమట పుట్టాయి, కొలువు చేసేవారు మాత్రం మొదట అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు చుట్టుపక్కల హాస్టళ్లలో ఉన్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాలు సాఫ్ట్‌వేర్ కోర్సుల శిక్షణకు కేంద్రమయ్యాయి. గుంటూరు, వరంగల్, అనంతపురం, కరీంనగర్ జిల్లాల నుంచి డిగ్రీ చేతబట్టుకుని వచ్చినవారు అక్కడ కోర్సు చేసి మాదాపూర్‌లో కొలువు వెతుక్కునేవారు. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యేదాకా ఈ రెండు చోట్ల మధ్య ప్రయాణానికి బస్సు, షేర్ ఆటో తప్ప మరో ఆధారం లేదు. రైలు వచ్చాక కూడా స్టేషన్ నుంచి ఆఫీసు దాకా మరో బండి ఎక్కాల్సిందే. సొంత బైకు సౌకర్యం స్థాయి దాటి అవసరమైంది. తొలి జీతాల్లో అది పాత బైకే అయింది.

సరిగ్గా ఈ ఏళ్లలోనే భారతీయ మోటార్‌సైకిల్ స్వభావం మారింది. 1999లో హీరో హోండా సీబీజెడ్ 156 సీసీల ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌తో, ముందు డిస్క్ బ్రేకుతో వచ్చింది. 2001 నవంబరులో బజాజ్ పల్సర్ 150, 180 బండ్లను విడుదల చేసింది. టూ స్ట్రోక్ పొగ లేకుండానే పికప్ దొరకవచ్చని ఈ బండ్లు చూపించాయి. 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా 223 సీసీల ఇంజన్‌తో, 17 హార్స్‌పవర్‌తో దూరప్రయాణానికి దారి తెరిచింది. ముందుభాగాన గాలిని చీల్చే ఫెయిరింగ్ ఉన్నా, హ్యాండిల్ ఎత్తుగా ఉండటం వల్ల నడిపేవారు నిటారుగా కూర్చోగలిగేవారు. 2004లో హోండా యునికార్న్ వెనకవైపు ఒకే షాక్ అబ్జార్బర్‌తో వచ్చి, గుంతల దారిలో మెత్తగా నడుస్తుందన్న పేరు తెచ్చుకుంది.

కొత్తగా ఉన్నప్పుడు పల్సర్, కరిజ్మాలు కొన్నేళ్ల కొలువు అనుభవం ఉన్న ఉద్యోగికి తగిన బండ్లు. 2005 తర్వాత అవే బండ్లు అమీర్‌పేట హాస్టల్ కుర్రాడి బడ్జెట్‌లోకి దిగాయి. ఇందుకు కారిడార్‌కే ప్రత్యేకమైన ఒక కారణం తోడైంది. ఆన్‌సైట్ అవకాశం వచ్చి అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లే ఉద్యోగి వీసా చేతికందిన కొద్ది వారాల్లో బండిని వదిలించుకోవాలి. ఆ తొందరలో అమ్మే బండికి సర్వీసు రికార్డు సక్రమంగా ఉండేది, ఓనరు ఒక్కరే ఉండేవారు, ధర కూడా దిగేది. తెలిసిన ఆన్‌సైట్ మిత్రుడి దగ్గర కొనడం చాలామందికి అన్నిటికన్నా నమ్మకమైన దారి అయింది.

రేసు రూపం, ఆఫీసు దారి

2008 జూన్‌లో యమహా ఆర్15 రావడంతో ఎంపిక మరింత కష్టమైంది. 150 సీసీల లిక్విడ్ కూల్డ్ ఇంజన్, ఆరు గేర్లు, రేసు బండి ఫ్రేము, పూర్తి ఫెయిరింగ్ అంతకు ముందు ఆ ధరలో దొరికేవి కావు. అదే ఏడాది అక్టోబరులో వెడల్పు టైర్లతో ఎఫ్‌జెడ్16 వచ్చింది. 2009లో కార్బరేటర్ ఉన్న పల్సర్ 220, కవాసాకీ నింజా 250ఆర్, 2011లో హోండా సీబీఆర్250ఆర్, 2012 జనవరిలో కేటీఎం డ్యూక్ 200, 2013లో డ్యూక్ 390 వరుసగా వచ్చాయి. మూడు నాలుగేళ్లకు ఇవన్నీ పాత బండ్ల బజారుకు చేరాయి. చూపులకు అన్నీ స్పోర్ట్స్ బైకులే. ఆఫీసు దారిలో వాటి మధ్య తేడా పెద్దది.

ఆ తేడా మూడు బిందువుల్లో ఉంటుంది: చేతులు పట్టే హ్యాండిల్, కూర్చునే సీటు, కాళ్లు పెట్టే ఫుట్‌రెస్టు. హ్యాండిల్ సీటు కన్నా బాగా ఎత్తులో ఉంటే వెన్ను నిటారుగా ఉంటుంది, శరీర బరువు సీటు మీద పడుతుంది. హ్యాండిల్ కిందికి, ముందుకి జరిగితే నడిపేవారు ముందుకు వంగుతారు, బరువు మణికట్ల మీద పడుతుంది. ఫుట్‌రెస్టులు వెనక్కి, పైకి జరిగితే మోకాళ్లు బాగా ముడుచుకుంటాయి. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఛాతీని కొంత మోస్తుంది కాబట్టి వంగిన భంగిమ అంతగా బాధించదు. ఐటీ కారిడార్‌లోని మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గర మొదటి గేరులో గంటసేపు పాకేటప్పుడు మోయడానికి గాలి ఉండదు. ఆ భారమంతా మణికట్లు, మెడ, నడుము భరిస్తాయి.

ఈ లెక్కతో చూస్తే ఆర్15 వంపుల దారికి ఎంతో ఇష్టమైన బండి, ఆఫీసు ట్రాఫిక్‌కు కష్టమైన బండి. 2011లో వచ్చిన దాని రెండో రూపంలో వెనక సీటు విడిపోయి పైకి లేచింది, వెనక కూర్చునేవారికి ఇబ్బంది పెరిగింది. డ్యూక్ 390కి 373 సీసీల ఇంజన్, 43 హార్స్‌పవర్ దాటిన శక్తి ఉన్నాయి, హ్యాండిల్ కూడా ఎత్తుగానే ఉంటుంది. సీటు గట్టిది, మందగమనంలో ఇంజన్ వేడి కాళ్లకు తగులుతుంది. సీబీఆర్250ఆర్‌కు ఫెయిరింగ్ ఉన్నా భంగిమ సడలుగా ఉంటుంది, ఇంజన్ తక్కువ వేగంలోనూ సాఫీగా లాగుతుంది. అమ్మకాల్లో డ్యూక్ వెనక నిలిచిన సీబీఆర్, రెండు అవసరాలకూ ఒకే బండి వెతికేవారికి బాగా నప్పింది. పాత కరిజ్మా, పల్సర్ 220 కూడా ఇదే వరుసలో నిలిచాయి. వీటి విడిభాగాలు సులువుగా దొరకడం, ప్రతి మెకానిక్‌కూ ఇంజన్ తెలియడం తక్కువ బడ్జెట్‌కు అదనపు బలం.

వారాంతపు దారులు కూడా ఈ ఎంపికను తీర్చిదిద్దాయి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు, నాగార్జునసాగర్, నల్లమల అడవి మీదుగా శ్రీశైలం హైదరాబాద్ బైకు ప్రియుల ముఖ్య గమ్యాలు. నగరం చుట్టూ 158 కిలోమీటర్లు సాగే ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. సర్వీసు రోడ్లు, జాతీయ రహదారులే వీరి దారి. శ్రీశైలానికి ఒకవైపు రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అన్ని గంటలు కూర్చోవాలంటే ఇంజన్ ఎంత పెద్దదన్న దానికన్నా వణుకు తక్కువ ఉండటం, సీటు వెడల్పు, గాలి అడ్డు ముఖ్యమవుతాయి.

బుల్లెట్ మళ్లీ రావడం

స్పోర్ట్స్ బైకులు పెరుగుతున్న కాలంలోనే ఎదురు దిశలో మరో ప్రవాహం వచ్చింది. 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ 346 సీసీల కొత్త ఇంజన్‌తో క్లాసిక్ 350ని విడుదల చేసింది. గేరు కుడివైపు ఉండే పాత బుల్లెట్‌కు భయపడినవారు కూడా దీన్ని నడపగలిగారు. ఐటీ ఉద్యోగుల్లో దానికి పెరిగిన గిరాకీ వల్ల కొత్త బండికి నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఒకటి రెండేళ్లు వాడిన క్లాసిక్ దాదాపు కొత్త ధరకే అమ్ముడైంది. చేతక్ కాలపు పరిస్థితి కొంతకాలం తిరిగొచ్చింది.

క్లాసిక్‌లో సౌఖ్యం ఉంది, పరుగు తక్కువ. ఆ లోటును 2018 నవంబరులో వచ్చిన ఇంటర్‌సెప్టర్ 650 తీర్చింది. 648 సీసీల రెండు సిలిండర్ల ఇంజన్, 47 హార్స్‌పవర్, నిటారు భంగిమ కలిసిన ఆ బండి వాడినదిగా బజారుకు వచ్చేసరికి, బడ్జెట్ కొంత పెంచుకోగలిగినవారికి స్పోర్ట్స్ బైకుకు బదులుగా నిలిచింది. 2016 డిసెంబరులో వచ్చిన బజాజ్ డామినార్ 400ది మరో కథ. డ్యూక్ 390 వంటి ఇంజన్‌నే సౌఖ్యమైన సీటుతో, పొడవైన శరీరంతో, తక్కువ ధరకు ఇచ్చింది. కొత్తగా అనుకున్నంత అమ్ముడుపోకపోవడం వల్ల పాత ధర త్వరగా దిగింది. దూరప్రయాణాలు చేసేవారికి ఆ దిగుదల మేలు చేసింది.

బేరం జరిగే చోట్లు

తెలుగు ఊళ్లలో పాత బండ్లు కొని అమ్మే దుకాణాన్ని ఆటో కన్సల్టెన్సీ అంటారు. రోడ్డు పక్కన వరసగా నిలిపిన బండ్లు, లోపల ఒక బల్ల, ఫైనాన్స్ కాగితాలు, ఆర్టీఏ ఆఫీసు పనులు చక్కబెట్టే ఏజెంటు అందులోని ముఖ్య సరంజామా. బండికి గ్యారంటీ రాసిచ్చేవారు తక్కువ. యజమాని మాట, మెకానిక్ చెవి మీద బేరం నడిచేది. విడిభాగాలకు కోఠి దగ్గరి పుత్లిబౌలి, సికింద్రాబాద్ రాణిగంజ్ పేరు మోశాయి. తయారీ ఆగిపోయిన బండి కొనేవారు ముందు అక్కడ దానికి భాగాలు దొరుకుతాయో లేదో కనుక్కునేవారు.

2010ల్లో ఓఎల్ఎక్స్, క్వికర్ వంటి ప్రకటనల వేదికలు బేరాన్ని ఫోన్లలోకి తెచ్చాయి. మధ్యవర్తి లేకుండా అమ్మేవారు, కొనేవారు నేరుగా కలిశారు. ఒకే మోడల్‌కు నగరమంతా ఏ ధర పలుకుతోందో కొనేవారికి తెలిసింది. దొంగ బండ్లు, అడ్వాన్సు పంపమని అడిగి మాయమయ్యే మోసగాళ్లు కూడా ఆ వేదికల మీదికి వచ్చారు. ఆ తర్వాత బండిని తామే కొని, పరీక్షించి, మరమ్మతు చేసి కొన్ని నెలల వారంటీతో అమ్మే సంస్థలు ఏర్పడ్డాయి. వాటి దగ్గర ధర కొంత ఎక్కువ, కాగితాల చికాకు తక్కువ.

బండిని చూసే విద్య

ఎక్కడ కొన్నా బండిని పరీక్షించే పద్ధతి మెకానిక్‌ల నోట తరాలుగా సాగి, ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఉదయాన్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడటం అందులో మొదటి నియమం. ముందే వేడెక్కించిన ఇంజన్ కష్టంగా స్టార్టయ్యే లోపాన్ని దాచిపెడుతుంది. ఫోర్ స్ట్రోక్ బండి సైలెన్సర్‌లోంచి నీలిపొగ వస్తే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఆయిల్ మండుతోందని అర్థం. ముందు ఫోర్కుల మీద నూనె తడి ఉంటే ఆయిల్ సీళ్లు పోయినట్టు. హ్యాండిల్ తిప్పేటప్పుడు మధ్యలో గాడి తగిలితే కోన్‌సెట్ అరిగినట్టు. చైన్ స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగితే సెట్టు మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించాలి.

స్పోర్ట్స్ బైకుల్లో మరో రెండు అంశాలు చేరతాయి. ఇవి వేగం కోసం కొన్న బండ్లు కాబట్టి కింద పడిన అవకాశం ఎక్కువ. ఫెయిరింగ్ కొత్తగా మెరుస్తుంటే లోపలి బిగింపులు, హ్యాండిల్ చివరలు, లివర్లు, ఫుట్‌రెస్టు అంచులు చూడాలి. రాపిడి గుర్తులు అక్కడే మిగులుతాయి. సమతలమైన రోడ్డు మీద బండి ఒక పక్కకు లాగితే ఫ్రేము లేదా ఫోర్కు వంగి ఉండవచ్చు. టైరు పక్క గోడ మీది నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుతున్నా టైరు, చైను, సీటు, ఫుట్‌రెస్టు రబ్బర్లు అసలు వాడకాన్ని చెబుతాయి. లిక్విడ్ కూల్డ్ బండి అయితే ట్రాఫిక్‌లో కొంతసేపు నడిపి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడటం తప్పనిసరి.

సౌఖ్యాన్ని తేల్చేది కూడా ఈ పరీక్షే. కాలనీలో రెండు నిమిషాలు తిప్పితే ఏ బండైనా బాగుంటుంది. రద్దీ దారిలో అరగంట నడిపితే మణికట్టు, నడుము, క్లచ్ పట్టే వేళ్లు నిజం చెబుతాయి. పొడుగు, పొట్టి తేడాలను బట్టి ఒకరికి నప్పిన బండి మరొకరికి నప్పదు. హ్యాండిల్‌ను కాస్త ఎత్తే రైజర్లు, మెత్తటి సీటు వంటి చిన్న మార్పులతో కుదిరే బండిని, ఎన్ని మార్చినా కుదరని బండిని వేరుచేయడం ఇక్కడే జరగాలి.

కాగితాలు, నంబర్లు

పాత బండి నంబరు ప్లేటు మీద రాష్ట్ర చరిత్ర కూడా కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ బండ్లకు ఏపీ 09తో మొదలయ్యే వరుస అంకెలు, రంగారెడ్డి జిల్లా బండ్లకు ఏపీ 28, 29 అంకెలు ఉండేవి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ అక్షరాలు వచ్చాయి, రంగారెడ్డికి 07, మేడ్చల్‌కు 08 కేటాయించారు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అక్షరాలు వస్తున్నాయి. బెంగళూరు, చెన్నై నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల వెంట కర్ణాటక, తమిళనాడు బండ్లు కూడా వస్తాయి. అలాంటి బండికి పాత ఆర్టీఏ నుంచి ఫారం 28 కింద ఎన్ఓసీ తెచ్చుకోవాలి. ఏడాదికి మించి ఇక్కడ ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్, పన్ను తప్పవు. చూడటానికి చవకగా ఉన్న బయటి రాష్ట్రపు బండి లెక్క ఇవన్నీ కలిపితే మారిపోతుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. అందుకు ఫారం 29, ఫారం 30 వాడతారు. ఫైనాన్స్ మీద కొన్న బండైతే అప్పు తీరినట్టు ఫారం 35 కావాలి. చాలాకాలం కన్సల్టెన్సీలు అమ్మినవారి చేత ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, బండి ఎన్ని చేతులు మారినా ఆర్‌సీలో మొదటి పేరే కొనసాగనిచ్చేవి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని తేల్చింది. బండి అమ్మేసి విదేశం వెళ్లిన ఉద్యోగికి కూడా ఆ బాధ్యత వర్తిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర నిబంధనలు పాత బండ్ల డీలర్లకు అధికార పత్రాన్ని తప్పనిసరి చేశాయి. బండి తమ దగ్గర ఉన్నంతకాలం వారినే యజమానులుగా గుర్తించి, మధ్యలో ఎవరికీ చెందకుండా పోయే కాలాన్ని తొలగించాయి.

తెలంగాణలో మరో సంగతి పెండింగ్ చలాన్లు. ఈ-చలాన్ బండి నంబరు మీద నమోదవుతుంది కాబట్టి బండితో పాటు కొత్త యజమాని దగ్గరికి వస్తుంది. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల బకాయిల్లో 75 శాతం, 2023 డిసెంబరు చివర మొదలైన మరో విడతలో 80 శాతం రాయితీ ఇచ్చారంటే బకాయిలు ఎంత పేరుకున్నాయో ఊహించవచ్చు. బేరానికి ముందే నంబరు కొట్టి చలాన్లు చూడటం హైదరాబాద్ కొనుగోలుదారులకు అలవాటైంది. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ పరీక్షతో పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి మోటార్‌సైకిల్ పొడిగింపు రుసుము 300 రూపాయల నుంచి 1,000కి పెరిగింది. పదిహేనేళ్లు దాటిన కరిజ్మాల ధర లెక్కగట్టేటప్పుడు ఇది కూడా కలుస్తుంది.

ప్రమాణాలు మారిన ఏళ్లు

ఒక బండి ఏ ఏడాదిదన్నది దాని వయసుతో పాటు, దానికి ఏ రక్షణలు ఉన్నాయో కూడా చెబుతుంది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బీఎస్3 కాలుష్య ప్రమాణపు వాహనాల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. దేశవ్యాప్తంగా ఎనిమిది లక్షలకు పైగా అమ్ముడవని వాహనాలు ఉండగా, వాటిలో ఎక్కువ ద్విచక్ర వాహనాలే. ఆ నెల చివరి రెండు రోజుల్లో కంపెనీలు భారీ తగ్గింపులు ఇచ్చాయి, షోరూముల ముందు జనం బారులు తీరారు. కొత్త బండి అంత చవకైన ఆ రోజుల్లో పాత బండ్ల ధరలూ దిగాయి.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీలు దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు చక్రం పట్టేసి జారకుండా చూసే ఈ ఏర్పాటు, వానకు తడిసిన గచ్చిబౌలి ఫ్లైఓవర్ల మీద ప్రాణాలు కాపాడే విషయం. అందుకే వేగమైన పాత బైకు కొనేవారికి 2019 ఒక సరిహద్దు గీత. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 రావడంతో చాలా బండ్లలో కార్బరేటర్లు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, కొత్త బండ్ల ధరలు పెరిగాయి. బీఎస్4 ఆఖరి ఏళ్ల బండ్లు ఏబీఎస్ ఉండి ధర తక్కువ కావడంతో గిరాకీ తెచ్చుకున్నాయి.

మెట్రో, కరోనా, ఆ తర్వాత

2019 మార్చి 20న మెట్రో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి, నవంబరులో రాయదుర్గం దాకా చేరింది. ఐటీ ఉద్యోగి ప్రయాణంలో అది పెద్ద మలుపు. ఆ దారిలో ఉన్నవారికి రోజువారీ బండి అవసరం తగ్గింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు కొలువులు విస్తరించడంతో రాయదుర్గం దాటినవారికి ఇంకా సొంత బండే ఆధారం. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు కేబుల్ వంతెన ప్రారంభం కావడంతో జూబ్లీహిల్స్ నుంచి ఆ దారి దగ్గరైంది.

2020లో కరోనా ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేసింది. ఇంటి నుంచి పని మొదలై ఉద్యోగులు సొంత ఊళ్లకు వెళ్లడంతో ఎన్నో బండ్లు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నెలల తరబడి నిలిచిపోయాయి. కదలని బండికి బ్యాటరీ దిగుతుంది, పెట్రోలు చెడుతుంది, టైరు ఒకచోట చదునవుతుంది. అప్పుడు అమ్మిన కొన్ని బండ్లు తక్కువ కిలోమీటర్లతో కనబడినా, వాటిని తిరిగి దారికి తేవడానికి ఖర్చయింది. ఆఫీసులు తెరిచాక బస్సు, మెట్రో ఎక్కడానికి వెనుకాడినవారు పాత బండ్ల వైపు మళ్లారు. వారంలో రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లే పద్ధతి స్థిరపడటంతో కొందరి ప్రాధాన్యం మారింది. రోజూ ట్రాఫిక్‌లో నలగాల్సిన పని తగ్గినవారు కాస్త స్పోర్టీ బండి వైపు ధైర్యంగా మొగ్గారు.

పన్నుల మార్పు తాజా ఘట్టం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీల లోపు కొత్త బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకు మించిన వాటి మీద 40 శాతానికి పెరిగింది. చిన్న ఇంజన్ల కొత్త బండి చవకవడంతో ఏడాది రెండేళ్లు వాడిన బండికి పాత ధర అడిగే బలం అమ్మేవారికి తగ్గింది. 390, 400, 650 సీసీల బండ్లలో కొత్తది ఖరీదవడంతో, వాడిన వాటి వైపు చూసే కారణం కొనేవారికి పెరిగింది. కారిడార్‌లో ఈ రోజు పాత బైకు కొనేవారి లెక్క ఈ 350 సీసీల గీతకు ఇటూ అటూ వేరుగా ఉంటుంది. 350 లోపు కొత్త ధరతో పోల్చి గట్టిగా బేరమాడాలి. ఆపైన 2019 తర్వాతి ఏబీఎస్ బండి, ఒకే ఓనరు, పూర్తి సర్వీసు రికార్డు ఉన్నదాన్ని వెతకాలి. రెండు చోట్లా హ్యాండిల్, సీటు, ఫుట్‌రెస్టు తన శరీరానికి కుదిరాయో లేదో అరగంట నడిపి తేల్చుకోవాలి. మరమ్మతు, టైర్లు, బీమా, పేరు మార్పిడి ఖర్చులకు బడ్జెట్‌లో కొంత ముందే పక్కన పెట్టుకోవాలి.

ఐటీ కొలువులో చేరిన మొదటి ఏడాది యువకుడికి, యువతికి షోరూములోని మంచి బండి దూరంగా ఉన్నా, దాన్ని తయారుచేసిన ఇంజనీరింగ్ నైపుణ్యం దూరం కాకుండా చూసింది పాత బండ్ల బజారే. యెజ్డీ నుంచి ఇంటర్‌సెప్టర్ దాకా మంచి యంత్రం రెండో చేతిలోనూ మూడో చేతిలోనూ తన పని చేస్తూనే ఉంది. దాన్ని ఓపికగా చూసి, కాగితాలు సరిచేసుకుని, తన పేరు మీదికి మార్చుకున్నవారికి సౌఖ్యం, వేగం, పొదుపు మూడూ ఒకే బండిలో దక్కాయి.